మేస్త్రీ లేని మేడలు

కళ్లు లేవు. చేతుల్లేవు. ఇలా పేర్చమని చెప్పే ఇంజినీరూ లేడు. అయినా కోట్లకొద్దీ అణువులు తమంతట తామే వరస తప్పకుండా అమరిపోతాయి. గొట్టాలవుతాయి, తీగలవుతాయి, తేనెపట్టులా గదులు కడతాయి. వాటిని కలిపి ఉంచేది ఉక్కులాంటి బంధమేమీ కాదు... కాస్త వేడి తగిలితే విడిపోయే బలహీనమైన బంధం. అసలు బలమంతా ఆ బలహీనతలోనే ఉంది!

ఖాళీ స్థలంలో లారీడు ఇటుకలు దింపారు. ఓ ట్యాంకరు నీళ్లు పోశారు. గేటుకి తాళం వేసి ఊరెళ్లిపోయారు. వారం తర్వాత వచ్చి చూస్తే రెండంతస్తుల మేడ... తలుపులూ కిటికీలతో సహా!

'కలగానీ వచ్చిందా?' అంటారు ఎవరైనా వింటే. ఇటుకల విషయంలో అది కలే. కానీ ఆ ఇటుకని మీటరులో వందకోట్లో వంతుకి, అంటే నానోమీటరు స్థాయికి దించితే మాత్రం కల కాదు. ఈ క్షణంలో మన ఒంట్లోని ప్రతి కణంలో జరుగుతున్న పని. అణువులు నీళ్లలో అటూ ఇటూ కొట్టుకుంటాయి. ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. సరైన జోడీ దొరికితే అతుక్కుంటాయి, కాకపోతే విడిపోతాయి. అలా అలా చివరికి ఓ క్రమమైన కట్టడంగా నిలబడతాయి. దీనికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సెల్ఫ్ అసెంబ్లీ. తెలుగులో చెప్పుకోవాలంటే 'స్వయం కూర్పు'.

ఈ కూర్పుకి సాయపడే శక్తులు చాలానే ఉన్నాయి. వాటిలో ఎవరి చేయి ఎవరు పట్టుకోవాలో, ఏ దిక్కున పట్టుకోవాలో కచ్చితంగా చెప్పేది హైడ్రోజన్ బంధం. మన కథలో నాయకుడు అదే... ఒకటి రెండు చోట్ల ప్రతినాయకుడు కూడా!

ముగ్గుపిండి రహస్యం

నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు ఉంటాయని బడికెళ్లే పిల్లలెవరైనా చెబుతారు. ఆ మూడింటినీ కలిపి ఉంచేది గట్టి బంధం. పొయ్యి మీద ఎంత మరిగించినా తెగదు. అయితే ఆక్సిజన్‌ది కాస్త లాక్కునే గుణం. ఉమ్మడి ఆస్తిలాంటి ఎలక్ట్రాన్లను తనవైపు లాగేసుకుంటుంది. దాంతో హైడ్రోజన్ మీద కొద్దిగా ధనావేశం మిగులుతుంది. ఆ వెలితి తీర్చుకోవడానికి అది పక్క అణువులోని ఆక్సిజన్ వైపు చేయి చాస్తుంది. ఆ పట్టే హైడ్రోజన్ బంధం. నత్రజనిదీ అలాంటి లాక్కునే గుణమే. అందుకే ప్రోటీన్లలో, డీఎన్‌ఏలో ఈ రెండూ కలిసి కథ నడిపిస్తాయి.

ఈ పట్టు ఎంత గట్టిదీ అంటే... నీటిలో చూస్తే, అసలు బంధంలో దాదాపు ఇరవయ్యో వంతు! గ్లాసులోని నీళ్లలో ఒక్కో హైడ్రోజన్ బంధం ఆయుష్షు సెకనులో లక్షకోట్ల వంతు స్థాయిలోనే ఉంటుంది. పట్టుకోవడం, వదిలేయడం, మరొకరిని పట్టుకోవడం... ఇదే దాని పని.

అయినా దాన్ని తక్కువగా చూడటానికి లేదు. కుళ్లిన కోడిగుడ్డు వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడు అణువు నీటి అణువుకి దాదాపు రెండింతల బరువు. ఆ లెక్కన నీటికన్నా ఆలస్యంగా మరగాలి. కానీ మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. దానికి చేతులు పట్టుకోవడం సరిగా రాదు మరి! నీటికి ఆ విద్య వచ్చు కాబట్టే వంద డిగ్రీల దాకా నిలబడుతుంది. లేకపోతే సముద్రాలూ ఉండేవి కావు, మనమూ ఉండేవాళ్లం కాదు.

ఇంతకీ ఇంత బలహీనమైన బంధంతో మేడలెలా లేస్తాయి? వాకిట్లో ముగ్గు వేసేవాళ్లని అడిగితే చెబుతారు. పిండితో వేస్తున్నప్పుడు గీత ఒక చుక్క తప్పిందనుకోండి. చేత్తో చెరిపేసి మళ్లీ వేస్తారు. అదే పెయింటుతో వేస్తే? తప్పు తప్పుగానే మిగిలిపోతుంది. గట్టి బంధాలు పెయింటులాంటివి. ఒకసారి పడితే అంతే. హైడ్రోజన్ బంధం ముగ్గుపిండి. తప్పు చోట అతుక్కున్న అణువు, చుట్టూ ఉన్న వేడి తాకిడికి ఊడిపోయి మళ్లీ ప్రయత్నిస్తుంది. సరైన చోట కూర్చున్నప్పుడు మాత్రం ఒక్క చేయి కాదు, రెండు మూడు చేతులు ఒకేసారి కలుస్తాయి. ఇక అంత తేలిగ్గా కదలదు. గడ్డిపోచలు పేని ఏనుగుని కట్టినట్టు... ఒక్కొక్కటీ బలహీనమే, వందలు కలిస్తే మోకు!

తప్పుని దిద్దుకునే అవకాశం ఉండటం, సరైన చోట చేతులన్నీ కలవడం. స్వయం కూర్పు గుట్టంతా ఈ రెండు మాటల్లో ఉంది.

చద్దన్నం గట్టిపడేది ఇందుకే

ఇదేదో పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో మాత్రమే కనిపించే సంగతి కాదు. ఇల్లంతా ఇదే.

వేడి వేడి అన్నం మెత్తగా ఉంటుంది. అదే అన్నం రాత్రంతా ఉంచితే మెతుకు గట్టిపడుతుంది. ఎందుకని? ఉడికినప్పుడు బియ్యంలోని పిండిపదార్థపు గొలుసులు నీళ్లు పీల్చుకుని విడివడతాయి. చల్లారాక మళ్లీ దగ్గరికొచ్చి, హైడ్రోజన్ బంధాలతో చేతులు కలిపి వరసల్లో సర్దుకుంటాయి. కాసిని నీళ్లు చిలకరించి వేడిచేస్తే ఆ పట్టు కొంత సడలి మెతుకు మళ్లీ మెత్తబడుతుంది. అలా సర్దుకుని గట్టిపడిన పిండిపదార్థంలో కొంత భాగం అంత సులభంగా అరగదు కూడా.

నూలు చీర నలిగిందంటే ఇస్త్రీ చేసేవాళ్లు ముందు నీళ్లు చల్లుతారు. నూలు అంటే సెల్యులోజ్. దాని గొలుసుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలే మడతల్ని పట్టి ఉంచుతాయి. నీళ్లు తగిలితే ఆ పట్టు సడలుతుంది. ఇస్త్రీపెట్టె బరువుకి గొలుసులు సాపుగా పరుచుకుంటాయి. వేడికి నీరు ఆవిరైపోగానే కొత్త చోట చేతులు పట్టుకుంటాయి. గంజి పెడితే బట్ట బిగుసుకోవడం వెనకా ఇదే కథ. గంజిలోని పిండిపదార్థం సెల్యులోజ్‌ని పట్టుకుంటుంది. ఉతికితే వదిలేస్తుంది.

తడి జుట్టుతో జడ వేసుకుని, ఆరాక విప్పితే అలలు అలలుగా ఉంటుంది. తల తడిపితే మళ్లీ మామూలే. అక్కడా అంతే!

అన్నట్టు, మీ చేతిలోని ఈ పేపరు కూడా చాలావరకు హైడ్రోజన్ బంధాల చలవే. కాగితంలోని పీచుల్ని ప్రధానంగా పట్టి ఉంచేవి అవే. వాన చినుకుల్లో తడిసిన పేపరు చేతిలోకి తీసుకోగానే చిరిగిపోతుంది కదా... నీటి అణువులు మధ్యలో దూరి ఆ చేతుల్ని విడగొట్టడం వల్లే.

మంచం మీద దొరికిన మెలిక

ఈ బంధం విలువ ప్రపంచానికి తెలియజెప్పినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు లైనస్ పౌలింగ్. 1948లో ఈ అమెరికా రసాయన శాస్త్రవేత్త ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నారు. అక్కడి చలికి జలుబు పట్టుకుంది. మంచం మీద పడుకుని డిటెక్టివ్ నవలలు చదివి చదివి విసుగొచ్చింది. ఓ కాగితం తీసుకుని ప్రోటీను గొలుసు బొమ్మ గీశారు. దాన్ని మడుస్తూ పోయారు. ఒక తీరులో మడిచినప్పుడు కింది మలుపులోని హైడ్రోజన్‌కీ, పై మలుపులోని ఆక్సిజన్‌కీ సరిగ్గా జోడీ కుదిరింది. గొలుసు గుండ్రటి మెట్లదారిలా మెలి తిరిగింది. అదే ఆల్ఫా హెలిక్స్. రాబర్ట్ కోరీ, హెర్మన్ బ్రాన్సన్‌లతో కలిసి 1951లో దాన్ని ప్రకటించారు. మన వెంట్రుకల్లోని కెరాటిన్‌లో ఉండేది ఈ మెలికే.

రెండేళ్లు తిరక్కుండానే మరో సంచలనం... డీఎన్‌ఏ. రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో 1952లో తీసిన ఎక్స్‌రే చిత్రం అందులో మెలిక ఉందని చెప్పింది. మరి ఆ మెలిక లోపల ఏముంది? కేంబ్రిడ్జిలో జేమ్స్ వాట్సన్ అట్టముక్కలు కత్తిరించుకుని ఎ, టి, జి, సి అనే నాలుగు రకాల అణువుల్నీ జతపరచాలని చూస్తున్నారు. ఎంతకీ కుదరదు. పాఠ్యపుస్తకాల్లో హైడ్రోజన్‌ని ఉండాల్సిన చోట కాకుండా పక్కన గీశారని అదే గదిలో కూర్చునే జెర్రీ డోనహ్యూ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పారు. ఆ ఒక్క మార్పుతో కొత్త అట్టముక్కలు కత్తిరించేసరికి ఎ పక్కన టి, జి పక్కన సి చక్కగా ఒదిగిపోయాయి. ఎ-టి జంటకి రెండు చేతులు, జి-సి జంటకి మూడు. ఏప్రిల్ 1953లో వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్‌ల వ్యాసం వచ్చింది. ఒక్క హైడ్రోజన్ చోటు మారితే జీవం గుట్టు విప్పే తాళంచెవే దొరికేది కాదన్నమాట!

మనిషి జన్యుపటంలో ఇలాంటి జంటలు సుమారు 300 కోట్లు. కణం రెండుగా చీలేముందు అవన్నీ జిప్పు తెరిచినట్టు విడిపోవాలి. ఆ బంధాలు ఉక్కులా ఉంటే విడిపోయేవేనా? కొవిడ్ రోజుల్లో ఊరూరా చేసిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షకీ ఇదే ఆధారం. సుమారు 95 డిగ్రీలకు వేడిచేస్తే డీఎన్‌ఏ పేటలు రెండూ విడిపోతాయి. ఒక్కో పేటలోని గట్టి బంధాలు మాత్రం చెక్కుచెదరవు. చల్లార్చగానే ప్రతి ముక్కా తన జోడీని వెతుక్కుని పట్టుకుంటుంది. ఆ పట్టుతోనే నకళ్లు తయారవుతాయి.

మనవాళ్లూ వెనకబడలేదు. చర్మాన్నీ ఎముకల్నీ పట్టి ఉంచే కొల్లాజెన్ మూడు పేటల జడ అని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చెప్పారు. ఆ జడ విడిపోకుండా చూసేదీ హైడ్రోజన్ బంధాలే.

ఇక మన వంతు

ప్రకృతి కడుతుంటే చూశాం. మరి మనం కట్టగలమా? ఈ ప్రశ్నతోనే 'సూపర్‌మాలిక్యులర్ కెమిస్ట్రీ' అనే కొత్త శాఖ ఎదిగింది. అణువుల్ని తయారుచేయడం పాత రసాయన శాస్త్రమైతే, అణువులు ఒకదాన్నొకటి గుర్తుపట్టి కలిసి బతకడం గురించి చెప్పేది ఇది. ఫ్రాన్స్‌కి చెందిన జీన్-మేరీ లెన్, అమెరికాకి చెందిన డొనాల్డ్ క్రామ్, చార్లెస్ పెడర్సన్‌లకు ఇందుకే 1987లో నోబెల్ వచ్చింది.

1990ల మొదట్లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం రెండు చిన్న అణువుల్ని ఎంచుకుంది. ఒకటి మెలమిన్. విరగని ప్లేట్లు చేస్తారే, ఆ ప్లాస్టిక్‌కి ముడిసరకు. రెండోది సైన్యూరిక్ ఆమ్లం. రెండూ మూడు వైపులున్న బిళ్లల్లాంటివి. ఒకదాని ఒక్కో వైపూ రెండోదానికి అచ్చం తాళానికి తాళంచెవిలా సరిపోతుంది. ప్రతి వైపునా మూడేసి చేతులు కలుస్తాయి. వాటిని అలాగే వదిలేస్తే అంతులేని తేనెపట్టు అల్లుకుంటూ పోతాయి. అందుకే కొన్ని వైపుల్ని కావాలని మూసేశారు. అప్పుడు అవి మూడు, ఇవి మూడు కలిసి ఆరు రేకుల పువ్వయ్యాయి!

1993లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధనా సంస్థలో రెజా గదీరి బృందం అమైనో ఆమ్లాలతో గాజుల్లాంటి వలయాలు చేసింది. అవి ఒకదాని మీద ఒకటి గాజుల దొంతరలా పేరుకుని నానో గొట్టాలయ్యాయి. గొట్టం లోపలి ఖాళీ ఒక నానోమీటరు కూడా ఉండదు. అలాంటి గొట్టాలు బ్యాక్టీరియా పొరలో దూరి చిల్లులు పెట్టి చంపగలవని 2001లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లోనూ చూపించారు.

2003లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు మెలమిన్‌కి పెరిలీన్ జాతి రంగు అణువుని జతచేసి ఓ చదునైన ఉపరితలం మీద చల్లారు. సూక్ష్మదర్శినిలో చూస్తే... అచ్చం తేనెపట్టు! ఒక్కో గది వెడల్పు రెండు మూడు నానోమీటర్లు. వాటిపై బంతుల్లాంటి కార్బన్-60 అణువుల్ని వదిలితే గదికి ఏడేసి చొప్పున వెళ్లి బుద్ధిగా కూర్చున్నాయి. ఎవరూ సీటు నంబర్లు ఇవ్వలేదు!

ఇలాంటి గదుల్ని, గొట్టాల్ని యంత్రాలతో చెక్కాలంటే కోట్లు పోయాలి. అణువులకే అప్పజెప్పితే వంటగిన్నెలో పని. ఆకర్షణంతా అక్కడే ఉంది.

గచ్చిబౌలిలో స్ఫటికాల బడి

ఈ కథలో ఓ పెద్ద అధ్యాయం మన హైదరాబాద్‌లోనే రాశారు. గౌతమ్ దేశిరాజు 1979లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చేరారు. మూడు దశాబ్దాల పాటు అక్కడే పాఠాలు చెప్పి, పరిశోధన చేసి, 2009లో బెంగళూరులోని ఐఐఎస్‌సీకి వెళ్లారు. ఆయన అడిగిన ప్రశ్న చాలా మామూలుగా ఉంటుంది. పంచదార పలుకైనా, మందుబిళ్లలోని పొడైనా స్ఫటికమే కదా... అందులో అణువులు ఆ తీరులోనే ఎందుకు పేరుకుంటాయి?

వేల స్ఫటికాల్ని పరిశీలిస్తే కొన్ని పట్లు పదే పదే కనిపిస్తాయి. ఉదాహరణకు కొన్ని ఆమ్లాల అణువులు రెండేసి చొప్పున ఎదురెదురుగా నిలబడి రెండు చేతులూ కలుపుతాయి... ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడేటప్పుడు పట్టుకుంటారే, అలా! ఏ అణువుకి ఏ పట్టు ఇష్టమో తెలిస్తే కావాల్సిన స్ఫటికాన్ని ముందే ఊహించి కట్టొచ్చు. దేశిరాజు 1989లో రాసిన 'క్రిస్టల్ ఇంజినీరింగ్' పుస్తకం ఈ రంగంలో ప్రపంచానికి పాఠ్యగ్రంథమైంది. పదే పదే వచ్చే ఈ పట్లకు 1995లో ఆయన 'సూపర్‌మాలిక్యులర్ సింథాన్' అని పేరు పెట్టారు. అంతేకాదు, కార్బన్‌ని అంటిపెట్టుకున్న హైడ్రోజన్ కూడా ఆక్సిజన్ వైపు చేయి చాస్తుందని, ఆ అతి బలహీనమైన పట్టునీ లెక్కలోకి తీసుకోవాల్సిందేనని గట్టిగా వాదించినవాళ్లలో ఆయన ఒకరు. హైడ్రోజన్ బంధానికి 2011లో అంతర్జాతీయంగా కొత్త నిర్వచనం ఇచ్చిన బృందంలో బెంగళూరు శాస్త్రవేత్త ఇ.అరుణన్‌తోపాటు దేశిరాజూ ఉన్నారు.

అందరిళ్లలో తెలిసిన ఆస్పిరిన్‌నే చూడండి. దాని అణువులు ఒప్పులకుప్ప జంటలే. ఆ జంటలు పొరలుగా పేరుకుంటాయి. పొరకీ పొరకీ మధ్య చేతులు కలిసే తీరు రెండు రకాలుగా ఉండొచ్చని, ఒకే స్ఫటికంలో ఆ రెండు రకాలూ పక్కపక్కనే ఉండగలవని 2007లో దేశిరాజు, ఇద్దరు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి తేల్చారు. వందేళ్లకు పైగా వాడుతున్న మందు గురించి తెలిసిన కొత్త సంగతి అది!

'చేతులు ఎలా పట్టుకుంటే మనకేంటి?' అనుకోవచ్చు. ఆ ప్రశ్నకి జవాబు కావాలంటే 1998కి వెళ్లాలి.

మందు మొండికేసింది

హెచ్ఐవీ రోగుల ఆయుష్షు పెంచిన మందుల్లో రిటొనావిర్ ఒకటి. అమెరికాకి చెందిన అబాట్ సంస్థ 1996లో దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. రెండేళ్లు అంతా సవ్యంగానే సాగింది. 1998లో ఉన్నట్టుండి కొన్ని బ్యాచ్‌ల క్యాప్సూల్స్ పరీక్షలో తప్పడం మొదలైంది. మందు సరిగా కరగడం లేదు. రసాయనంలో ఏమైనా కల్తీ జరిగిందా అని చూస్తే... లేదు. అణువు అదే. ఒక్క పరమాణువు కూడా తేడా లేదు.

మారిందల్లా చేతులు పట్టుకునే తీరు! అంతకుముందు ఎవరూ చూడని కొత్త స్ఫటికరూపం పుట్టింది. అందులో హైడ్రోజన్ బంధాల అల్లిక మరింత గట్టిది. గట్టిగా పట్టుకున్న అణువులు నీటిలో విడిపోవు. విడిపోకపోతే రక్తంలోకి వెళ్లవు. వెళ్లకపోతే మందు ఉన్నా లేనట్టే. పైగా ఈ కొత్త రూపం ఒకసారి పుట్టాక, దాని నలుసు చాలు... చుట్టుపక్కల ఉన్నవన్నీ అదే బాట పట్టేవి. పాత రూపాన్ని తయారుచేయడమే గగనమైంది. క్యాప్సూల్స్‌ని మార్కెట్ నుంచి ఉపసంహరించుకున్నారు. ఆ మందు మీదే ఆధారపడిన రోగులు నోట్లో పెట్టుకోలేనంత చేదుగా ఉండే ద్రవంతో నెట్టుకురావాల్సి వచ్చింది. 1999లో కొత్త తరహా క్యాప్సూల్ వచ్చేదాకా వాళ్లకా తిప్పలు తప్పలేదు. అదే రిటొనావిర్ 2021 నుంచి కొవిడ్ మందు పాక్స్‌లొవిడ్‌లో ఓ భాగం కూడా.

ఆ దెబ్బతో ప్రపంచంలోని మందుల కంపెనీలన్నీ కళ్లు తెరిచాయి. అణువు తయారుచేస్తే సరిపోదు, అది ఏ రూపంలో అమరిందో కూడా తెలియాలి. బల్క్ డ్రగ్స్‌కి పేరుపొందిన హైదరాబాద్‌కి ఇది రోజువారీ వ్యవహారం. మందు పొడి మీద ఎక్స్‌కిరణాలు పంపి దాని స్ఫటికరూపాన్ని సరిచూస్తారు. కరగని మందుకి మరో అణువుని తోడిచ్చి, రెంటినీ ఒకే స్ఫటికంలో కూర్చోబెట్టే 'సహస్ఫటికాల' మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అశ్వినీ నంగియా బృందం విస్తృతంగా పనిచేసింది. 2015లో అమెరికాలో అనుమతి పొందిన ఓ గుండెజబ్బు మందులో రెండు మందుల అణువులు ఒకే స్ఫటికంలో ఉంటాయి.

పాలపొడిలో మృత్యువు

ఆరు రేకుల పువ్వు గుర్తుందిగా... మెలమిన్, సైన్యూరిక్ ఆమ్లం. ప్రయోగశాలలో ముచ్చటగొలిపిన ఆ జంటే 2007లో అమెరికాలో కుక్కల్నీ పిల్లుల్నీ చంపింది. చైనా నుంచి వచ్చిన ముడిసరకుతో చేసిన జంతువుల ఆహారంలో అవి రెండూ కలిశాయి. విడివిడిగా తింటే ఒక మోస్తరు దాకా ఒళ్లు తట్టుకుంటుంది. కానీ రెండూ మూత్రపిండాల్లో కలుసుకున్నాయి. చేతులు కలిపాయి. తేనెపట్టులా అల్లుకుని స్ఫటికాలై సన్నటి నాళాల్ని మూసేశాయి.

మరుసటి ఏడాది, 2008లో చైనాలో జరిగింది అంతకన్నా ఘోరం. నీళ్లు కలిపిన పాలలో ప్రోటీను తగ్గిపోతుంది. ప్రోటీను పరీక్షలో నిజానికి కొలిచేది నత్రజనిని. మెలమిన్ బరువులో మూడింట రెండొంతులు నత్రజనే. అందుకని స్వార్థపరులు దాన్ని పాలలో కలిపేశారు. పరీక్షలో పాలు 'చిక్కగా' కనిపించాయి. ఆ పాలపొడి తాగిన పసివాళ్ల మూత్రంలో సహజంగానే ఎక్కువగా ఉండే యూరిక్ ఆమ్లంతో మెలమిన్ జతకట్టింది. మూత్రపిండాల్లో రాళ్లయింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు. ఆరుగురు చనిపోయారు. అణువుకి మంచీ చెడూ తెలియవు. జోడీ కనిపిస్తే చేయి కలపడమే దానికి తెలుసు. ఎక్కడ ఏది కలవకూడదో తెలియాల్సింది మనుషులకే.

అల్జీమర్స్‌లోనూ ఇలాంటి తప్పు కూర్పే కనిపిస్తుంది. అమిలాయిడ్ బీటా అనే చిన్న ప్రోటీను ముక్కలు మెదడులో దారితప్పి, పక్కపక్కన బారులు తీరి, హైడ్రోజన్ బంధాలతో పీచులుగా పేరుకుపోతాయి. ఎంత గట్టిగా అంటే, ఒళ్లు వాటిని విప్పుకోలేదు. అమిలాయిడ్‌ని తొలగించే లెకానిమాబ్ మందుకి 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. అది జబ్బుని నయం చేయదు, తొలిదశలో కాస్త నెమ్మదింపజేస్తుంది. అదే అమిలాయిడ్‌లోని ఓ చిట్టి ముక్కని తీసుకుని 2003లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఎహుద్ గాజిట్ బృందం నానో గొట్టాలు చేసింది. వాటిలో వెండి పోసి, పైనున్న తొడుగుని కరిగించేసి, నానో తీగలు తీసింది. జబ్బు నేర్పిన విద్య!

తెగితే తనే అతుక్కుంటుంది

ఇక ముందుముందు ఈ బంధంతో ఏమేం చేయొచ్చు? 2008లో పారిస్‌లో లుడ్విక్ లైబ్లర్ బృందం ఓ రబ్బరు తయారుచేసింది. ముడిసరకులు నూనెల నుంచి తీసిన కొవ్వు ఆమ్లాలు, యూరియాలాంటివే. దాన్ని కత్తితో రెండుగా కోసి, కోసిన అంచులు కాసేపు ఆనించి పెడితే చాలు... జిగురు లేదు, వేడి లేదు, మళ్లీ ఒక్కటైపోతుంది. లాగితే సాగుతుంది కూడా. ఓ షరతుంది. కోశాక ఎక్కువసేపు విడిగా ఉంచకూడదు. ఖాళీగా ఉన్న చేతులు ఎదురుచూసి చూసి తమ పక్కవాళ్లనే పట్టేసుకుంటాయి. అలిగి కూర్చున్నవాళ్లని తొందరగా కలపాలన్నట్టు!

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో రింట్ సైబెస్మా, బెర్ట్ మేయర్‌ల బృందం 1997లోనే నాలుగు చేతులు ఒకేసారి కలిపే అణువుని చేసి చూపింది. పొట్టి అణువులకి రెండు చివరలా దాన్ని తగిలిస్తే ఒకదానికొకటి పట్టుకుని ప్లాస్టిక్‌లా గట్టిపడతాయి. వేడిచేస్తే విడిపోయి జారుగా పారతాయి. ఈ కోవకి చెందిన పదార్థాలతో చేసిన గుండె కవాటాన్ని 2016 నుంచి పిల్లల్లో అమర్చి పరీక్షిస్తూ వచ్చారు. కవాటపు అల్లికలోకి ఒంట్లోని కణాలు పాకి సొంత కండని పెంచుకోవాలి, ఆ పదార్థం మెల్లగా ఒంట్లో కలిసిపోవాలి... ఇదీ ఆలోచన. అది నిజమైతే, ఎదిగే పిల్లలకి కవాటం చిన్నదైపోయిన ప్రతిసారీ ఛాతీ కోయాల్సిన బాధ తగ్గుతుంది.

అయితే మనిషి ఇంకా ఈ విద్యలో ఓనమాల దగ్గరే ఉన్నాడు. కేంబ్రిడ్జిలోని స్ఫటికాల సమాచార కేంద్రం ఆధ్వర్యంలో 1999 నుంచి ఓ చిత్రమైన పోటీ జరుగుతోంది. అణువు బొమ్మ ఇస్తారు. అది స్ఫటికంలో ఎలా అమరుతుందో ప్రయోగం చేయకుండా కంప్యూటర్‌తోనే చెప్పాలి. ఏటికేడు లెక్కలు మెరుగుపడుతున్నాయి. అయినా తలపండిన బృందాలు కూడా కొన్ని అణువుల దగ్గర తలగోక్కుంటూనే ఉన్నాయి. కారణం ఒక్కటే. ఒక అమరికకీ ఇంకో అమరికకీ మధ్య శక్తిలో తేడా చాలా కొద్ది. ఆ కొద్ది తేడాలోనే ఒక మందు పనిచేయడమో మానేయడమో తేలిపోతుంది.

మన కణాలకు మాత్రం ఈ లెక్కలేవీ రావు. పోటీలకీ వెళ్లవు. మనం నిద్రపోతున్నప్పుడు కూడా వాటి పని ఆగదు. విప్పుతాయి, కలుపుతాయి, తప్పుపడితే మళ్లీ విప్పుతాయి. పట్టుకోవడం ఎంత ముఖ్యమో, వదలాల్సినప్పుడు వదలడమూ అంతే ముఖ్యమని వాటికి ఎవరూ చెప్పలేదు. ఆ నేర్పు వాటి చేతుల్లోనే ఉంది.